పాత వ్యాన్ ఉన్నట్టుండి ఆగితే

నేలకొండపల్లి నుంచి ఖమ్మం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి భద్రాచలం మరో నూట ఇరవై. కంచర్ల గోపన్న పుట్టిన ఊరి నుంచి ఆయన గుడి కట్టించిన ఊరికి ఏటా శ్రీరామనవమికి బయలుదేరే కుటుంబాల్లో చాలామంది నమ్ముకున్నది పాత వ్యాన్‌నే. తాతయ్య, నాయనమ్మ, పిల్లలు, అన్నం క్యారియర్లు, పూజ సామాను అన్నీ ఒకే బండిలో పట్టాలి కదా! ఆ బళ్లలో చాలావాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి తర్వాత ఓమ్నిగా పేరు మార్చుకున్న బండి 2019తో ముగిసింది. క్వాలిస్ 2005లో ఇన్నోవాకు చోటిచ్చి తప్పుకుంది. జనరల్ మోటార్స్ 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు మానేయడంతో టవేరా కూడా పోయింది. తయారీ ఆగినా బళ్లు తిరుగుతూనే ఉన్నాయి. కొత్తగూడెం దాటాక అడవి మొదలై, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉండే చోట వాటిలో ఒకటి ఆగిపోతే ముందు ఏం చూడాలి, ఏం చెయ్యకూడదు అన్నది చిన్న ప్రశ్న కాదు.

పెట్రోలు ఇంజిన్ నడవడానికి నాలుగే కావాలి: ఇంధనం, గాలి, వేళకు పడే స్పార్క్, సిలిండర్‌లో కంప్రెషన్. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్‌తో పనిలేదు. అణిగి వేడెక్కిన గాలే డీజిల్‌ను అంటిస్తుంది. నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిందంటే వీటిలో ఏదో ఒకటి అందడం లేదన్నమాట. అది ఏదో తేల్చడం వరస ప్రకారం చేయాల్సిన పని. కానీ పాత బండి షెడ్డుకు చేరితే తరచూ జరిగేది వేరు. ప్లగ్గులు మార్చి చూద్దాం అంటారు. తగ్గకపోతే కాయిల్, ఆ తర్వాత పంపు. మార్చిన ప్రతి భాగానికీ డబ్బు పోతుంది, అసలు లోపం మాత్రం అక్కడే ఉంటుంది. ఇంకో రకం నష్టం అంతకన్నా పెద్దది: మొదటి లోపం చిన్నదే అయినా, ఆగాక చేసిన తొందరపాటు వల్ల ఇంజినే పోవడం. పాత వ్యాన్ల విషయంలో ఈ రెండో నష్టాన్ని ఆపడమే ముందు నేర్చుకోవాలి.

ఆగిన తీరును గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా, ఒక్క కుదుపు కూడా లేకుండా ఆగితే చూపు కరెంటు వైపు వెళ్లాలి. కాయిల్, డిస్ట్రిబ్యూటర్, క్రాంక్ సెన్సర్, మెయిన్ ఫ్యూజు, కీ స్విచ్ ఆ కోవలోవి. జర్కులిస్తూ, పికప్ తగ్గి, యాక్సిలరేటర్ తొక్కినా ముందుకు పోలేక ఆగితే పెట్రోలో డీజిలో సరిగా అందడం లేదు. పెద్ద చప్పుడుతో ఆగితే లోపల ఇనుమే విరిగి ఉండవచ్చు. అప్పుడు మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. వేడి ముల్లు పైకెక్కి, లాగుడు తగ్గి ఆగితే సంగతి కూలింగ్‌ది. ఆర్‌పీఎం మీటరున్న బళ్లలో ఇంకో ఆనవాలు కూడా ఉంది. బండి గేరులో ఉండి ఇంకా దొర్లుతుండగానే ఆ ముల్లు టక్కున సున్నాకు పడితే స్పార్క్ వైపో క్రాంక్ సెన్సర్ వైపో అనుమానించాలి. ఈ వివరాలు మెకానిక్‌కు చెప్పగలిగేది ఆ సమయంలో బండిలో ఉన్నవాళ్లు మాత్రమే. మెకానిక్ చేతికి వచ్చేసరికి బండి చల్లబడి, ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది.

ఈ చల్లబడితే స్టార్టవడం అనేది పాత బళ్లలో ఎక్కువ తిప్పలు పెట్టే లక్షణం. దాని వెనక కారణాలు కొన్నే. క్రాంక్ సెన్సర్‌లో, కాయిల్‌లో సన్నని రాగితీగ చుట్లు ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి వాటిలో ఎక్కడో సందు పడితే, వేడెక్కినప్పుడు తీగ సాగి లింకు తెగుతుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. పొద్దున షెడ్డులో చేసిన ఏ పరీక్షకూ అది దొరకదు. ఇంజిన్‌ను బాగా వేడెక్కించి, ఆగిన క్షణంలోనే స్పార్క్ ఉందో లేదో చూస్తేనే దొరుకుతుంది. బండి బాగానే ఉందండీ, తీసుకెళ్లండి అని పంపేసే ముందు మెకానిక్ ఆ వేడి పరీక్ష చేశాడా లేదా అన్నది యజమాని తప్పక అడగాల్సిన ప్రశ్న.

ఓమ్ని, ఈకోల ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. దాని వల్ల ఒక మేలు, ఒక కీడు. డ్రైవర్‌కు వేడి ముల్లు చెప్పకముందే సీటు చెబుతుంది, వాసన కూడా ముందే తగులుతుంది. కానీ మే నెలలో ఎండ 45 డిగ్రీలను తాకే ఖమ్మం, కొత్తగూడెం దారుల్లో ఆ ఇరుకు గూట్లోంచి వేడి తొందరగా బయటకు పోదు. 796 సీసీ, మూడు సిలిండర్ల కార్బ్యురేటర్ ఓమ్నిలో పెట్రోలు పైపులోనే ఆవిరై, పంపు లాగలేని స్థితి వస్తుంది. ఎర్రటి ఎండలో ట్రాఫిక్‌లో నిలబడ్డాకో, టీకి ఆగి పది నిమిషాల తర్వాత కీ తిప్పినప్పుడో ఈ బాధ కనిపిస్తుంది. సీటెత్తి, గాలి ఆడనిచ్చి, పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేస్తే కాసేపటికి స్టార్టయితే అనుమానం దాదాపు తీరినట్టే. ఇంజెక్షన్ బళ్లలో పెట్రోలు ఒత్తిడితో వస్తుంది కనుక ఇది అరుదు. వాటిలో చూడాల్సింది ట్యాంకులోని పంపు. కీ ఆన్ చేయగానే వెనక నుంచి రెండు సెకన్లు సన్నగా గుయ్‌మన్న చప్పుడు రావాలి. రాకపోతే ముందు ఫ్యూజు, రిలే, ఆ తర్వాత పంపు. ట్యాంకు కింద అరచేత్తో నాలుగు దెబ్బలు వేస్తే పంపు తిరిగిందంటే దాని మోటారు అరిగిపోయిందని అర్థం. ఆ బలంతో ఇంటికి రావచ్చు గానీ మరో ప్రయాణానికి బయలుదేరకూడదు.

పెట్రోలు కూడా మారింది. 2022 జూన్‌కు దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా పది శాతానికి చేరింది. 2025కు ఇరవై శాతం మామూలైంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, పది శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో ఇరవై శాతం మిశ్రమం వాడితే మైలేజీ 6–7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్ లెక్కవేసింది. మైలేజీ సంగతి సరే, పాత వ్యాన్‌ను ఉన్నట్టుండి ఆపేవి వేరే ఉన్నాయి. ఇథనాల్ పాత రబ్బరు పైపులను, వాషర్లను మెత్తబరిచి చెడగొట్టగలదు. ట్యాంకు గోడలకు ఏళ్లుగా పట్టిన జిగురును ఊడదీసి ఫిల్టర్‌లోకి తెస్తుంది. నెలల తరబడి కదలని బండిలో అయితే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీళ్లు హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి అడుక్కి దిగుతాయి, పంపు లాగేది ఆ అడుగు నుంచే. అలాగని ప్రతి జర్కుకూ ఇథనాల్‌ను తిట్టడం సరికాదు. ఫిల్టర్ విప్పి సీసాలో పోసి చూస్తే రెండు పొరలుగా విడిందో లేదో కంటికే కనిపిస్తుంది. ఆ చిన్న పరీక్ష చేయకుండా పెట్రోల్ బంకును నిందించడం, ఇంజెక్టర్లు మార్చడం రెండూ తొందరపాటే.

డీజిల్ బళ్లది ఇంకో కథ. క్వాలిస్, పాత టవేరా వంటివాటిలో డీజిల్ లైనులోకి గాలి చేరితే ఇంజిన్ తడబడి ఆగుతుంది. ఫిల్టర్ మీదున్న చేతి పంపును గట్టిపడేదాకా నొక్కి గాలి తీస్తే నడుస్తుంది. కానీ గాలి ఎక్కడి నుంచి దూరిందో కనుక్కోకపోతే మర్నాడు మళ్లీ అదే. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూను వానాకాలంలోనైనా తరచూ విప్పి చూడాలి. మొదటి తరం ఇన్నోవాలోని డీ4డీ వంటి కామన్ రైల్ ఇంజిన్లలో మాత్రం ఒక హద్దు ఉంది. అక్కడ డీజిల్ వెయ్యి బార్‌లకు పైబడిన ఒత్తిడిలో ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్లు వదులుచేసే పాత అలవాటు వీటి దగ్గర పనికిరాదు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన ప్రమాదం అది.

వేడి విషయంలో జరిగే పొరపాట్లే అన్నిటికన్నా ఖరీదైనవి. రేడియేటర్ మూత దాదాపు 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే అందులోని నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. ఆ స్థితిలో మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, నీళ్లన్నీ క్షణంలో ఆవిరిగా ఎగజిమ్ముతాయి. ముఖం, చేతులు కాలడం అలాగే జరుగుతుంది. కాగిన ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరించడం మరో తప్పు. ఒక పక్క కుంచించుకుపోయిన అల్యూమినియం హెడ్ వంకరపోతుంది, లేదా పగులుతుంది. ముల్లు ఎర్రగీత వైపు కదలగానే ఏసీ కట్టేసి, హీటర్ ఉంటే పూర్తిగా తిప్పి, నీడ చూసుకుని ఆపి, అరగంటకు పైగా ఓపిక పట్టాలి. ఆ ఎండలో పిల్లలను బండి దింపి చెట్టు కిందికి చేర్చడం కూడా ఆ పనిలో భాగమే. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కే దారిలో నిండు లోడుతో రెండో గేరులో పోయే పాత బండికి ఈ జాగ్రత్త ప్రాణం లాంటిది.

ముల్లు కింద ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్‌కు నీళ్లు తగలవు, అది మామూలు వేడే చూపవచ్చు. హోస్ పగిలిన చాలా బళ్లలో యజమానులు మీటరు బాగానే ఉంది కదా అని నడిపి ఇంజిన్ సీజ్ చేసుకునేది ఇందుకే. మీటరు మాటతో పాటు వాసనను, బానెట్ కింది నుంచో సీటు కింది నుంచో వచ్చే ఆవిరిని కూడా నమ్మాలి.

చల్లారాక హెడ్ గ్యాస్కెట్ పోయిందా లేదా అన్నది తేలాలి. ఆయిల్ గేజీ కడ్డీ మీద పాలు కలిపిన కాఫీ రంగు కనిపించడం, పొద్దున్నే స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా రావడం, సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్లపొగ పోతూనే ఉండడం గట్టి ఆనవాళ్లు. వీటన్నిటికన్నా నమ్మదగింది రంగు ద్రవం పరీక్ష. రేడియేటర్ నోటి మీద నీలిరంగు ద్రవం ఉన్న గొట్టం పెట్టి ఇంజిన్ నడిపితే, కాలిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పచ్చబడుతుంది. హెడ్ దింపమని సలహా ఇచ్చే ముందు ఈ పరీక్ష చేసే షెడ్డును వెతుక్కోవడం మంచిది. నీలిపొగ ఆయిల్ కాలడానికి, నల్లపొగ ఇంధనం ఎక్కువై గాలి చాలకపోవడానికి గుర్తు. అవి సాధారణంగా నెమ్మదిగా ముదిరే జబ్బులు.

ఆయిల్ లైటు గురించి మాత్రం వేచి చూసే ప్రసక్తే లేదు. అది చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ఎంత ఒత్తిడితో తిరుగుతోందని. వెలిగిన కొద్ది సెకన్లలో ఇంజిన్ ఆపాలి. కడ్డీ మీద ఆయిల్ నిండుగా ఉన్నా అడుగు జల్లెడ మూసుకుపోతే ఒత్తిడి రాదు. దీని మీద అమెరికాలో పెద్ద గొడవే నడిచింది. అక్కడి తెలుగు కుటుంబాలకు బాగా పరిచయమైన టొయోటా సియెన్నా సహా 1997–2002 మోడళ్లకు చెందిన సుమారు 33 లక్షల టొయోటా, లెక్సస్ బళ్లకు ఇంజిన్‌లో ఆయిల్ బురదగా గడ్డకట్టే సమస్య మీద 2002లో కంపెనీ ఎనిమిదేళ్ల ప్రత్యేక భరోసా ఇవ్వాల్సివచ్చింది. యజమానులు ఆయిల్ సకాలంలో మార్చలేదని కంపెనీ, మార్చినా బురద పేరుకుందని యజమానులు వాదించారు. ఆయిల్ మార్పు రసీదులు దాచుకున్నవాళ్ల మాటకు అక్కడ బలం వచ్చింది. పాత బండిని కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఇక్కడ కూడా ఆ కాగితాలను తక్కువ అంచనా వేయకూడదు.

ఖమ్మం జిల్లాకు నీళ్లు నేర్పిన పాఠం వేరే. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు మున్నేరు ఖమ్మంలోని కాలనీలను ముంచేసింది. పాలేరు జలాశయం పొంగి నాయకన్‌గూడెం దగ్గర సూర్యాపేట హైవే మీదికి నీళ్లు వచ్చాయి. అంతకు రెండేళ్ల ముందు, 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఇలాంటి రోజుల్లో వాకిట్లో మునిగిన బండికి, నీళ్లలో నడుపుతుండగా ఆగిన బండికి జరిగే కీడు ఒకటే: ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి. గాలి అణుగుతుంది, నీళ్లు అణగవు. అప్పుడు సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కాబట్టి నీళ్లలో ఆగిన బండికి మొదటి పరీక్ష కీ తిప్పడం కాదు, ఎయిర్ ఫిల్టర్ విప్పి తడిసిందా అని చూడడం. తడిస్తే బ్యాటరీ వైరు తీసి, షెడ్డుకు తోసుకెళ్లి, ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి పోయేలా ఇంజిన్ తిప్పాలి. డీజిల్‌లో నాజిల్సో గ్లో ప్లగ్గులో తీయాలి. ఆయిల్, ఫిల్టర్లు అన్నీ మారాకే స్టార్ట్ చేయాలి. నీళ్లలో సెల్ఫ్ కొట్టి పాడుచేసుకున్న ఇంజిన్‌కు మామూలు బీమా పాలసీలో డబ్బు రావడం కష్టం. దానికోసం ఉన్న ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ వయసు మీరిన బళ్లకు దొరకడమూ కష్టమే.

నీళ్లకు భయపడాల్సింది పాత బళ్లే అనుకోవడానికి వీల్లేదు. 2021 సెప్టెంబరులో మారుతి సుజుకి ఎర్టిగా, సియాజ్, బ్రెజా సహా 1,81,754 పెట్రోలు కార్లను మోటార్ జనరేటర్ యూనిట్ పరిశీలనకు వెనక్కి పిలిచింది. పని పూర్తయ్యేదాకా నిలిచిన నీళ్లలో నడపవద్దని, విద్యుత్ భాగాల మీద నీళ్లు చల్లవద్దని యజమానులను కోరింది.

ఇక టైమింగ్ బెల్టు. మారుతి 796 సీసీ ఇంజిన్‌లో, ఇన్నోవా 2.5 లీటర్ డీజిల్‌లో వాల్వులను నడిపేది పళ్లున్న రబ్బరు బెల్టు. అది తెగితే ఇంజిన్ ఉత్తుత్తిగా తేలిగ్గా తిరుగుతుంది, సెల్ఫ్ శబ్దం మామూలుకన్నా వేగంగా, సాఫీగా వినిపిస్తుంది. డీజిల్‌లో తెగిన మరుక్షణమే పిస్టన్లు వాల్వులను కొడతాయి. ఇన్నోవా డాష్ మీద దీనికోసమే టీ-బెల్ట్ లైటు పెట్టారు. మీటరు మారిన సెకండ్ హ్యాండ్ బండిలో ఆ లైటును నమ్మడానికి లేదు. బెల్టు ఎప్పుడు మార్చారో రాత లేకపోతే మార్చేయడమే దారి.

ఇప్పుడు స్కానర్ సంగతి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి స్కానర్ తగిలించే ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరి. మన దగ్గర బీఎస్-4 ఉద్గార ప్రమాణాలతో పాటు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చింది. బీఎస్-4 హైదరాబాద్ సహా పెద్ద నగరాల్లో 2010లోనే మొదలైనా, దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్‌లో. నేలకొండపల్లి దారుల్లో తిరిగే పాత వ్యాన్లలో చాలావాటికి అందుకే ఈ సౌకర్యం అరకొరగా ఉంటుంది, కార్బ్యురేటర్ బళ్లకు అసలే ఉండదు. ఉన్న బండికైనా స్కానర్ ఏం చెబుతుంది? పీ0300 అంటే సిలిండర్లలో మిస్సింగ్ ఉందని. ప్లగ్గు వల్లా, కాయిల్ వల్లా, గాలి లీకు వల్లా, పెట్రోలు చాలకా అన్నది చెప్పదు. పీ0335 వస్తే క్రాంక్ సెన్సర్ సిగ్నల్ అందలేదని అర్థం. సెన్సర్ పోయి ఉండవచ్చు, ఎలుక కొరికిన వైరు కూడా అయి ఉండవచ్చు. సెన్సర్‌కు ఏం కనిపించిందో కోడ్ చెబుతుంది, దాని వెనక కారణం మల్టీమీటర్ పట్టుకున్న మనిషి వెతకాలి. కోడ్ రాకపోతే లోపమే లేదనడం ఇంకా పెద్ద పొరపాటు. వదులైన బ్యాటరీ టెర్మినల్, తుప్పుపట్టిన ఎర్త్ వైరు ఏ కోడూ రాయకుండానే బండిని ఆపగలవు. పాత వ్యాన్‌లో అన్నిటికన్నా ముందు చేతితో కదిపి చూడాల్సినవి అవే.

కీ స్విచ్‌ను ఎవరూ అనుమానించరు. 2014లో జనరల్ మోటార్స్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 26 లక్షల చిన్నకార్లను వెనక్కి పిలవడానికి కారణం అదే. బరువైన తాళాల గుత్తి ఊగినా, మోకాలు తగిలినా కీ వెనక్కి జారి, నడుస్తున్న ఇంజిన్ ఆగిపోయేది. ఎయిర్‌బ్యాగులూ పనిచేసేవి కావు. పరిహారం నిధి చివరికి 124 మరణాలను దీనికి ముడిపెట్టింది. లోపం ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి ఒక కారణం భాగం నంబరు. ఫ్లోరిడాకు చెందిన మార్క్ హుడ్ అనే ఇంజినీర్ బాధితుల తరఫు లాయరు కోసం కొత్త స్విచ్‌ను కొని, పాతదాని పక్కన విప్పి పెట్టి కొలిచాడు. నంబరు అదే, లోపలి ప్లంజర్, స్ప్రింగు వేరు. కంపెనీ చప్పుడు లేకుండా భాగాన్ని మార్చి నంబరు మార్చలేదు. వందల మంది నిపుణులున్న సంస్థలో దొరకని సంగతి రెండు భాగాలను పక్కపక్కన పెట్టి చూసిన ఒక మనిషికి దొరికింది. విజయవాడ ఆటోనగర్ నుంచో ఖమ్మం నుంచో తెచ్చిన స్పేరు బిగించే ముందు పాతదాన్ని పారేయకుండా పక్కన పెట్టి పోల్చే మెకానిక్ చేస్తున్నది సరిగ్గా ఇదే పని. మన వ్యాన్లలోనైతే కీని కొద్దిగా కదిపితే డాష్ లైట్లు మినుకుమంటున్నాయా అన్నది చూడాలి. తాళాల గుత్తిని కీ నుంచి విడదీయాలి.

ఇన్ని చూశాక కూడా జవాబు దొరకకపోతే మిగిలేది కంప్రెషన్. ప్రతి సిలిండర్‌కూ గేజీ పెట్టి కొలిస్తే వాటి మధ్య తేడా 10–15 శాతం దాటకూడదు. తక్కువ వచ్చినదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వు గానీ గ్యాస్కెట్ గానీ పోయింది. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపితే వాటి మధ్య గ్యాస్కెట్ ఊడిపోయింది. గంటలోపు అయ్యే ఈ కొలతల కాగితం యజమాని చేతిలో ఉంటే బోరు పని చేయించాలా, బండి వదులుకోవాలా అన్నది ఊహతో తేల్చాల్సిన అవసరం ఉండదు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచింది, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన వాటికి 10,000 చేసింది. ఫిట్‌నెస్ పరీక్ష ఖర్చు వేరే. రెన్యువల్ తేదీ దగ్గర పడిన ఓమ్నికి ఆ రుసుము కట్టడానికి ముందే ఈ కంప్రెషన్ పరీక్ష చేయించడం మేలు.